కెమెరా కొనేముందు ఇంట్లో పాత డబ్బా తెరవండి

ఆ మధ్య మా టీమ్‌లో ఒకడికి పాప పుట్టింది. "ఇంట్లో ఫొటోలు తీసుకోవడానికి మంచి కెమెరా చెప్పు" అన్నాడు. మన జాతి సంగతి తెలిసిందే కదా, వెంటనే ఎక్సెల్ షీట్ తెరిచాం. సెన్సర్ సైజు ఒక కాలమ్, మెగాపిక్సెల్స్ ఒక కాలమ్, లెన్స్ ధర ఇంకో కాలమ్. నాలుగు నెలలు గడిచేసరికి షీట్లో పద్నాలుగు కెమెరాలు చేరాయి. ఈలోగా పాప బోర్లా పడింది. ఆ ఫొటో మావాడు ఫోన్లోనే తీశాడు :-)

తర్వాత నేను ఆర్మూరు వెళ్ళినప్పుడు, ఎందుకో అమ్మ చేత అటక మీది బిస్కట్ డబ్బా దింపించాను. మా ఇంటి ఫొటోలన్నీ అందులోనే. అమ్మ ఒక్కొక్కటే తీసి చూపిస్తూ ఒక మాట అంది: "ఈ ఫొటోలల్ల ఉన్నోళ్ళకంటె లేనోళ్ళే ఎక్కువున్నరు బిడ్డా."

ఆ మాట పట్టుకుని ఆలోచిస్తే, కెమెరాల చరిత్ర అంతా వేరేగా కనిపించింది. ఏ కాలంలో ఎలాంటి కెమెరా ఉందనేదాన్ని బట్టే ఫొటోలో ఎవరుండాలో, ఎవరు ఉండకూడదో తేలిపోయింది. అదేంటో చెప్తాను.

మన దగ్గర ఈ కథని ఒక ఇంజినీరుతో మొదలెట్టాలి. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టిన లాలా దీన్ దయాళ్ రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇందోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఉద్యోగం చేశారు. 1870లలో సరదాగా ఫొటోగ్రఫీ పట్టుకున్నారు. ఆ సరదాయే ఉద్యోగాన్ని మింగేసింది. చివరికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యి, రాజా దీన్ దయాళ్ అనిపించుకున్నారు. మా ఆర్మూరు కూడా అప్పుడు నిజాం రాజ్యంలోదే. కాకపోతే ఆ కెమెరా ముందుకొచ్చింది నవాబులూ, దొరలూ, సైనికాధికారులే. పసుపు తవ్వేవాళ్ళకి అక్కడ చోటు లేదు.

ఆ కాలంలోనే ఇంకో చిక్కు ఉంది. పరదా పాటించే ఇళ్ళ ఆడవాళ్ళు మగ ఫొటోగ్రాఫర్ ముందుకి రారు. దీన్ దయాళ్ దానికి 1892లో ఒక పరిష్కారం కనిపెట్టారు. హైదరాబాద్‌లో ఆడవాళ్ళ కోసమే ఎత్తైన గోడల మధ్య జనానా స్టూడియో పెట్టి, కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషావిడకి అప్పగించారు. గమనించండి, ఆయన కొత్త కెమెరా ఏమీ తేలేదు. కెమెరా వెనక మనిషిని మార్చారు. దాంతో అంతవరకూ ఫొటోలో లేనివాళ్ళు ఫొటోలోకి వచ్చారు. నా దృష్టిలో ఈ కథలో అతి ముఖ్యమైన అప్‌గ్రేడ్ అదే.

సరిగ్గా అదే రోజుల్లో అమెరికాలో జార్జ్ ఈస్ట్‌మన్ ఇంకో వైపు నుంచి వచ్చాడు. 1888లో వచ్చిన మొదటి కొడక్ కెమెరా ధర 25 డాలర్లు. వంద ఫొటోలకి సరిపడా ఫిల్ము లోపలే ఉండేది. అయిపోయాక కెమెరా మొత్తాన్ని రోచెస్టర్‌కి పంపి, 10 డాలర్లిస్తే ఫొటోలు కడిగి, కొత్త ఫిల్ము వేసి తిరిగి పంపేవాళ్ళు. మన భాషలో చెప్పాలంటే ఫ్రంటెండ్‌లో ఒక్క బటన్, మిగతాదంతా బ్యాకెండ్‌లో. 1900లో వచ్చిన బ్రౌనీ ధర ఒక్క డాలరు. ఇక అక్కడ పిల్లలు కూడా ఫొటోలు తీయడం మొదలెట్టారు.

ఆ సౌకర్యం మా ఇంటిదాకా రావడానికి ముప్పావు శతాబ్దం పట్టింది. మా తాత కెమెరా ఆగ్ఫా క్లిక్-3. బరోడాలో న్యూ ఇండియా ఇండస్ట్రీస్ వాళ్ళు తయారు చేసింది. మీ ఇంట్లో కూడా ఉండే ఉంటుంది. 120 ఫిల్ము, పన్నెండు ఫొటోలు. వెనకాల ఎర్ర కిటికీలోంచి అంకె చూసుకుంటూ తిప్పాలి. ఎండా మబ్బూ చూసి ఒక మీట జరపాలి, అంతే. నెగటివే రెండుంపావు అంగుళాల చదరం ఉంటుంది కాబట్టి పెద్దది చేయకుండా అదే సైజులో ప్రింటు వేయించుకోవచ్చు. మా డబ్బాలో అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా ఉన్న నలుపు తెలుపు చదరాలన్నీ అవే. ఫిల్ము కూడా స్వదేశీ దొరికేది. ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ 1967లో ఉత్పత్తి మొదలెట్టింది, దాని పేరు 'ఇందు'. ఫ్యాక్టరీ తర్వాత నష్టాల్లో పడి మూతబడింది.

తాత ఆ కెమెరా కొన్నది పసుపు అమ్మిన డబ్బుతో. మా వైపు పసుపు తొమ్మిది నెలల పంట. జూన్లో విత్తనం పెడితే జనవరి నుంచి తవ్వకం. తర్వాత కొమ్ములు ఉడకబెట్టాలి, కళ్ళంలో ఎండబెట్టాలి, డ్రమ్ముల్లో వేసి తిప్పి మెరుగు పట్టాలి. అప్పుడు గానీ యార్డుకి పోదు. డబ్బు ఏడాదికి ఒక్కసారే కళ్ళబడుతుంది. అందుకని ఒక రీలు ఏడాదంతా కెమెరాలోనే ఉండేది. డబ్బాలో ఒకే రీలు ఫొటోలు వరసగా పేరిస్తే మొదట బతుకమ్మ, తర్వాత సిద్దులగుట్ట మీద నల్లరాళ్ళు, చివర్లో పసుపు కుప్పలు. మా ఇంటి సంవత్సరం పన్నెండు ఫొటోలు.

ఆ పన్నెండింట్లో తాత లేడు, ఎందుకంటే తీసేది ఆయనే. నాయనమ్మా లేదు. ఫొటో అనగానే ఆమెకి వంటింట్లో పని గుర్తొచ్చేది. "మీ తాత అందర్ని దింపిండు గని, ఆయన్ని దింపినోళ్ళే లేరు" అంది అమ్మ. నాయనమ్మ పోయాక గోడకి పెట్టడానికి ఒక్క ఫొటో దొరకలేదు. ఓటరు కార్డు మీది ఫొటోనే స్టూడియోలో పెద్దది చేయించి దండ వేశాం. 1993లో ఓటరు కార్డులు మొదలయ్యాయి కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆమె మొహం మాకు మిగిలేదే కాదు.

తర్వాతి కెమెరా గల్ఫ్ నుంచి వచ్చింది. 1973 తర్వాత చమురు డబ్బు పెరిగిన దేశాలకి నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల నుంచి జనం పోవడం మొదలైంది. సెలవుకి వచ్చేటప్పుడు టేప్ రికార్డరూ, యాషికా కెమెరా తెచ్చేవాళ్ళు. ఈ కెమెరాల్లో తేడా ఫ్లాష్. 1975లో వచ్చిన కోనికా సీ35 ఈఎఫ్ అనే 35 ఎంఎం కెమెరాలో ఫ్లాష్ కెమెరాలోనే ఉండేది. ఆ తర్వాత అందరూ అదే దారి పట్టారు. దాంతో ఎండ కోసం వాకిట్లో నిలబెట్టే బాధ పోయి, ఫొటో ఇంట్లోకి, రాత్రి పూటకి వచ్చింది. వంటింట్లో ఉన్న మనిషి కూడా మొదటిసారి అప్పుడే దొరికింది.

విచిత్రమేంటంటే ఆ కెమెరా తెచ్చిన మనిషే ఫొటోల్లో లేడు. మా బాపు తెచ్చిన కెమెరాతో అమ్మ నన్ను దింపి, ప్రింట్లు కవర్లో పెట్టి దుబాయికి పంపేది. నేను నడక నేర్చింది ఆయన చూసింది ఆ ప్రింటులోనే, అదీ నెలన్నర తర్వాత. తర్వాత మా బజారంతా కొడక్ కేబీ-10 పాకింది. అది ఎవరైనా నొక్కొచ్చు. అమ్మ ఆల్బంలో కనిపించడం మొదలైంది ఆ కెమెరా పిల్లల చేతికి వచ్చాకే.

డిజిటల్ కథ మీకు తెలిసిందే, రెండు ముక్కల్లో చెప్తా. కొడక్‌లోనే స్టీవెన్ శాసన్ అనే ఇంజినీరు 1975లో డిజిటల్ కెమెరా తయారు చేశాడు. 0.01 మెగాపిక్సెల్, ఒక్క ఫొటో క్యాసెట్‌లోకి ఎక్కడానికి 23 సెకన్లు. ఫిల్ము అమ్ముకునే కంపెనీ దాన్ని నమ్ముకోలేకపోయింది, 2012 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది. ఫోన్లు వచ్చాక ఫొటో తీయలేని మనిషే లేకుండా పోయాడు.

అంటే లేనివాళ్ళ సమస్య తీరినట్టే కదా? నేనూ అలాగే అనుకున్నా. ఇంజినీరింగ్‌లో ఉండగా ఇంటికెళ్ళిన ప్రతిసారీ ఫోన్తో తాతని తీసేవాణ్ణి. పొలం గట్టు మీద, చుట్ట కాలుస్తూ, నా మీద కోప్పడుతూ, మూడు వందల దాకా ఉంటాయి. అన్నీ ఒక హార్డ్ డిస్క్‌లో వేశాను. తాత పోయిన మరుసటి ఏడాది ఆ డిస్క్ పోయింది. కాపీ లేదు. ఆఫీసులో ఎవరిదో డేటాబేస్‌కి మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి వేరే ఊళ్ళో అని లెక్చర్లిచ్చేవాణ్ణి, ఇంట్లో తాతకి ఒక్క కాపీ ఉంచాను.

దీన్ దయాళ్ గాజు నెగటివ్‌లు 2857 ఇప్పటికీ ఉన్నాయి. 1989లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం వాళ్ళు తీసుకున్నారు. గాజు పలక వందేళ్ళు నిలిచింది, నా డిస్క్ మూడేళ్ళు నిలవలేదు.

సరే, మావాడి ఎక్సెల్ షీట్ దగ్గరికి వద్దాం. మెగాపిక్సెల్స్ కాలమ్ తీసేయమన్నాను. నాలుగు బై ఆరు ప్రింటుకి అంగుళానికి 300 చుక్కల లెక్కన 1200 x 1800, అంటే 2.16 మెగాపిక్సెల్స్ చాలు. ట్యూబ్‌లైట్ కింద పరుగెత్తే పిల్లని తీయాలంటే కావాల్సింది వెలుతురు పట్టే లెన్స్. ఎఫ్/4 కంటే ఎఫ్/1.8 సుమారు ఐదు రెట్లు వెలుతురు పడుతుంది. అలాంటి చిన్న కెమెరా కొనే ఓపిక ఉంటే కొను, లేకపోతే చేతిలో ఉన్న ఫోనే వాడు అన్నాను. ఇంకో మూడు కాలమ్స్ మాత్రం కలిపాను. నీ భార్యా, మీ అమ్మా కూడా భయం లేకుండా నొక్కగలరా? వాళ్ళు ఫొటో దిగేటప్పుడు నొక్కేదెవరు? ముప్పై ఏళ్ళ తర్వాత ఈ ఫొటో ఎక్కడుంటుంది?

చివరికి వాడు కెమెరా కొనలేదు. ఆ డబ్బులో కొంత పెట్టి రెండు డిస్కులు కొన్నాడు, ఒకటి వాళ్ళ ఊళ్ళో ఉంటుంది. నెలకి పది ఫొటోలు ప్రింటు వేయిస్తున్నాడు.

నేనూ మొదలెట్టాను. పోయినసారి ఆర్మూరులో అమ్మనీ బాపునీ వాకిట్లో పక్కపక్కన నిలబెట్టాను. పక్కింటి పిల్లాడి చేతికి ఫోనిచ్చి నేనూ వెళ్ళి నిలబడ్డాను. కాస్త వంకరగా వచ్చింది, బాపు కళ్ళు మూసుకున్నాడు కూడా. ప్రింటు వేయించి అమ్మకిచ్చాను, బిస్కట్ డబ్బాలో పెట్టింది.

మీ డబ్బాలో లేనివాళ్ళెవరో ఈసారి ఊరెళ్ళినప్పుడు చూడండి. కెమెరా సంగతి ఆ తర్వాత తేల్చుకోవచ్చు.