ఎడబాటు మాటలు

ఇంగ్లీషులో ఎడబాటును తెలిపే మాటల పుట్టుపూర్వోత్తరాలు విచారిస్తే, మన వలసల చరిత్ర కూడా కొంత తేటపడుతుంది.

‘సెపరేట్’ లాటిన్ నుంచి వచ్చింది. ‘సే’ అంటే వేరుగా, ‘పరారే’ అంటే సిద్ధపరచడం. ‘డయాస్పొరా’ గ్రీకు మాట. విత్తనాలు చల్లినట్లు వెదజల్లడం దాని మూలార్థం.

మనం నివసిస్తున్న టూంగాబీ చరిత్రలో మొదట వినవచ్చే మాట ‘ట్రాన్స్‌పోర్టేషన్’. ‘అవతలికి మోయడం’ అని దాని అర్థం. అదే ద్వీపాంతరవాస శిక్షకు పేరైంది. ఆ శిక్షపై వచ్చిన ఖైదీల చేత 1791లో ఇక్కడ సర్కారు వ్యవసాయ క్షేత్రం ఏర్పాటు చేయించారు. దానితో ఈ నేల సొంతదారులైన దారుగ్ ప్రజలకు ఓడ ఎక్కకుండానే ఎడబాటు కలిగింది.

మనలో ఫిజీ మీదుగా వచ్చిన కుటుంబాలకు ‘గిర్మిట్’ అనే మాట తెలుసు. అది ‘అగ్రిమెంట్’కు కూలీల నోట వచ్చిన రూపం. 1903 నుంచి 1916 దాకా మద్రాసు రేవులో ఎందరో తెలుగువారు అయిదేళ్ల ఒప్పందంపై ఫిజీ ఓడలెక్కారు. వారిలో చాలామంది మళ్లీ ఊరి ముఖం చూడలేదు. ‘అగ్రిమెంట్’కు మూలమైన లాటిన్ ‘గ్రాటుస్’కు అర్థమేమిటంటే, ఇష్టమైనది! ఇష్టాన్ని తెలిపే మాటే ఎడబాటుకు గుర్తయింది.

టూంగాబీ అన్న పేరు మాత్రం దారుగ్ వారిదే. నేల చేజారినా పేరు నిలిచింది. వారి వారసులు నేడు ఆ భాషను మళ్లీ నేర్చుకుంటున్నారు. మన పిల్లలకు అంత శ్రమ రాకుండా, ఇంట తెలుగును ఇప్పుడే నిలుపుకుందాం.