రెక్క మీది తెలుపు

అమెరికాలో మేముండే ఇంటి వెనుక ఎండిపోయిన ఓక్ చెట్టొకటి ఉంది. పోయిన శీతాకాలంలో ఒకనాటి ఉదయం దాని మీద ఎవరో గొడ్డలితో కొడుతున్నట్టు చప్పుడైతే కిటికీ దగ్గరకు వెళ్ళాను. కాకి అంత వడ్రంగిపిట్ట. కాటుకలాంటి ఒళ్ళు, నిప్పులాంటి జుట్టు. నా అలికిడికి ఎగిరింది. రెక్కల్లో తెలుపు తళుక్కుమంది. ఆ క్షణాన నా గుండె ఆగినంత పనైంది. ఆ వారమంతా నేను బహుశా అంతరించిపోయిన ఒక పిట్ట చరిత్ర చదువుతున్నాను మరి. చదివినదే కంటికి కనబడింది. నిదానించి చూస్తే అది ఇక్కడ తరచు కనిపించే పైలియేటెడ్ వడ్రంగిపిట్ట. నా పొరపాటు చిన్నదే. కాని సరిగ్గా ఇటువంటి సందేహం చుట్టూనే అమెరికా పక్షిశాస్త్రం 80 ఏళ్ళుగా తిరుగుతోంది. ఆ కథ మీతో చెప్పుకోవాలనిపించింది.

నేను చదువుతున్న పిట్ట పేరు ఆంగ్లంలో ఐవరీ బిల్డ్ వుడ్‌పెకర్. మనం దంతపుముక్కు పిట్ట అనుకుందాం. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలలో, నదుల వెంట వరద నీట మునిగి తేలే మహారణ్యాలు దాని నెలవు. పొడవు సుమారు 50 సెంటీమీటర్లు. పైలియేటెడ్ దానికంటె కొంచెమే చిన్నది. రెండూ నల్లనివే, రెండింటికీ జుట్టుంది, మెడ మీద తెల్లచార ఉంది. అసలు తేడా రెక్క మీది తెలుపు ఎక్కడున్నదన్న దానిలో ఉంది. దంతపుముక్కు పిట్టకు రెక్క వెనుక అంచు వెడల్పుగా తెలుపు. అందుచేత రెక్కలు ముడిచి చెట్టుకు అంటిపెట్టుకున్నప్పుడు వీపు దిగువన తెల్లని జీను వేసినట్టు కనిపిస్తుంది. పైలియేటెడ్‌కు తెలుపు ప్రధానంగా రెక్క అడుగున, ముందు భాగంలో ఉంటుంది. వాలినప్పుడు వీపంతా నలుపే. మొదటిదాని ముక్కు దంతపు రంగు, గడ్డం నలుపు; రెండవదాని ముక్కు బూడిద రంగు, గడ్డం తెలుపు. ఆడపిట్ట జుట్టు మొదటి జాతిలో నలుపు, రెండవ జాతిలో ఎరుపు. ఇన్ని గుర్తులుండగా పొరపాటెలా పడతారంటారా? అడవి మసకవెలుతురులో, రెండు మూడు సెకన్లలో, చెట్ల సందున దూసుకుపోయే పిట్టలో ఇవన్నీ చూడగలిగినవారు అరుదు.

ఒకప్పుడు ఈ సందేహమే లేదు. 1731లో మార్క్ కేట్స్‌బీ దీని బొమ్మ వేసి, ఆదివాసులు ఒక్కొక్క ముక్కుకు రెండు మూడు జింక తోళ్ళిచ్చి కొనేవారని రాశాడు. 1809లో అలెగ్జాండర్ విల్సన్ ఉత్తర కరోలినాలో గాయపడిన పిట్టను పట్టి సత్రం గదిలో ఉంచితే, అది గోడను తొలిచి, మహాగని బల్లను ముక్కలు చేసి, మూడు రోజులకు ప్రాణం విడిచింది. తరువాత అడవులు నరికారు. పిట్ట అరుదైన కొద్దీ నమూనాల కోసం వేటాడేవారూ ఎక్కువయ్యారు.

1932 నాటికి లూసియానా అధికారులే ఇది లేదనుకున్నారు. మేసన్ స్పెన్సర్ అనే న్యాయవాది ఉందని వాదించి, అనుమతిపత్రం తీసుకుని, ఒకదాన్ని కాల్చి తెచ్చి చూపించాడు. ఉన్నదని రుజువు చేయడానికి చంపవలసి వచ్చింది! ఆ అడవి సింగర్ కుట్టుమిషన్ల కంపెనీది, సుమారు 80 వేల ఎకరాలు. మా అమ్మ రవికలు కుట్టిన మిషను మీద ఉన్న పేరే. 1935లో కార్నెల్ విశ్వవిద్యాలయం నుంచి ఆర్థర్ ఆలెన్ బృందం వెళ్ళి ఆ పిట్టను చిత్రీకరించి, గొంతు రికార్డు చేసింది. 1937 నుంచి 1939 వరకు జేమ్స్ టానర్ దాని జీవితాన్ని అధ్యయనం చేశాడు. దేశం మొత్తం మీద మిగిలినవి రెండు డజన్లకు మించవని అతని అంచనా.

అప్పటికే చెట్లు కొట్టే హక్కు చికాగో మిల్ అండ్ లంబర్ కంపెనీ చేతికి వెళ్ళింది. నాలుగు రాష్ట్రాల గవర్నర్లు అడవిని కాపాడమని కోరారు. కంపెనీ ఒప్పుకోలేదు. యుద్ధకాలంలో జర్మన్ యుద్ధఖైదీల చేత కూడా చెట్లు కొట్టించారు. 1944 ఏప్రిల్‌లో డాన్ ఎకెల్‌బెరీ అనే చిత్రకారుడు అక్కడ ఒంటరి ఆడపిట్టను చూసి బొమ్మలు వేసుకున్నాడు. అమెరికాలో అందరూ అంగీకరించే చివరి దర్శనం అదే.

ఆ తరువాత అరవై ఏళ్ళకు, 2004లో, ఆర్కన్సాలోని కాష్ నది అడవిలో ఒక పడవవాడికి అది కనిపించిందన్నారు. డేవిడ్ లూనో తీసిన నాలుగు సెకన్ల మసక వీడియో ఆధారంగా 2005 ఏప్రిల్‌లో సైన్స్ పత్రిక దాన్ని లోకానికి ప్రకటించింది. జనం కంటతడి పెట్టుకున్నారు. మరుసటి ఏడాది డేవిడ్ సిబ్లీ ప్రభృతులు అదే వీడియోను పరిశీలించి, కనిపిస్తున్న తెలుపు పైలియేటెడ్ రెక్క అడుగుదేనని వాదించారు. కార్నెల్ వారు ఏళ్ళ తరబడి వెదికినా స్పష్టమైన ఛాయాచిత్రం ఒక్కటీ దొరకలేదు. 2021లో అమెరికా ప్రభుత్వం దీన్ని అంతరించినట్టు ప్రకటించాలని ప్రతిపాదించింది. 2023లో 21 జాతుల విషయంలో ఆ మాట ఖాయం చేసింది గాని దీన్ని మాత్రం ఆ జాబితాలో చేర్చలేదు. ఆ ఏడే లూసియానాలో డ్రోన్లతో, కెమెరాలతో వెదికిన బృందమొకటి ఇది ఇంకా ఉందని వ్యాసం ప్రచురించింది. వాదన ముగియలేదు.

నన్ను బాధించేది ఈ వాదన కాదు. 1939లో ఆ పిట్టను గుర్తించడంలో ఎవరికీ సందేహం లేదు. ఎక్కడుందో, ఏం తింటుందో, ఏ చెట్టులో గూడు పెడుతుందో టానర్ రాసిపెట్టాడు. తెలియనిదేమీ లేదు, ఆ అడవి నిలిచి ఉంటే చాలు. అంతా తెలిసిన రోజున దక్కని అడవికి బదులు, ఏమీ తెలియని రోజున కోట్ల డాలర్లు, వేల గంటలు దొరికాయి. నిజమైన పిట్ట ఉన్నప్పుడు లేని శ్రద్ధ, పిట్ట నీడకు దక్కింది.

పైలియేటెడ్ బతికిపోయింది. చీమలు తింటుంది, చిన్న చిన్న తోపులలోనూ సర్దుకుపోతుంది. దంతపుముక్కు పిట్టకు మాత్రం కొత్తగా చచ్చిన పెద్ద చెట్ల బెరడు కింది పురుగులు కావాలి. అవి దొరకాలంటే మహారణ్యమే ఉండాలి.

ఆ ఎండిన ఓక్ చెట్టు కొట్టించేయమని పొరుగాయన రెండుసార్లు చెప్పాడు. ఇంటి మీద పడేటంత దగ్గరగా లేదు. ఉండనిస్తానని చెప్పాను.