ఒక సున్నా తెచ్చిన సిరి

కోళ్లు పెంచి, గుడ్లమ్మిన డబ్బులు పోపులడబ్బాలో దాచుకునే ఇల్లాళ్లు మన పల్లెల్లోనే కాదు, అమెరికాలోనూ ఉండేవారు.

గుడ్డులోంచి బయటికొచ్చే ముందు కోడిపిల్ల పచ్చసొనను కడుపులోకి తీసుకుంటుంది. దాంతో రెండు మూడు రోజులు తిండీ నీళ్లూ లేకపోయినా బతుకుతుంది. అందుకే అక్కడ 1918 నుంచి పిల్లల్ని పోస్టులో పంపసాగారు.

డెలావేర్ రాష్ట్రంలో ఓషన్ వ్యూ అనే ఊళ్లో సిసిల్ స్టీల్ అనే ఇల్లాలు 1923లో గుడ్ల కోసం 50 పిల్లలు కావాలని కబురు చేసింది. వచ్చినవి 500! ఆవిడ తిప్పి పంపలేదు. చిన్న షెడ్డు వేయించి పెంచింది. 18 వారాలకు 387 దక్కాయి. వాటిని మాంసానికి పౌను 62 సెంట్ల చొప్పున అమ్మింది. మరుసటేడు తనే 1,000 తెప్పించుకుంది. 1926 నాటికి పదివేలు! తీరరక్షక దళంలో ఉన్న భర్త ఉద్యోగం మాని ఆవిడ పనిలో చేరాడు. చుట్టుపక్కల రైతులూ అదే బాట పట్టారు.

క్రమంగా ఆ వ్యాపారం పెద్ద కంపెనీల పాలై, ఇల్లాళ్ల చేతుల్లోంచి జారిపోయింది. ఆ షెడ్డు మాత్రం 1974లో చారిత్రక కట్టడాల జాబితాకెక్కింది.

ఇప్పటికీ వసంతకాలం రాగానే అక్కడి దాణా దుకాణాల్లో వెచ్చని దీపాల కింద కోడిపిల్లల్ని ఉంచి అమ్ముతారు. ఆడవాళ్ల చిల్లర సంపాదనేగా అని ఎవరైనా తేలిగ్గా అంటే, ఈ ఇల్లాలి కథ చెప్పండి.