అప్పా, వాటానా?

కృష్ణా డెల్టా రైతుల వరి రాబడిలో కొంత బెజవాడ బియ్యం మిల్లుల్లోకి చేరింది. ఆ సొమ్ము అప్పా, వాటానా? మిల్లు దివాలా తీస్తే ఇదెంత కీలకమో గమనించండి. అప్పయితే రైతు రుణదాత. వాటా అయితే భాగస్వామి, మిల్లు బాకీలకు సొంత పొలం కూడా పోవచ్చు.

మరి లాభంలో వంతు తీసుకుంటే భాగస్వామే కదా? కాదంది, నాడు మన కోర్టులపై తుది అప్పీలు వినే ప్రీవీ కౌన్సిల్. 1872 నాటి ఆ కేసులో కలకత్తా సంస్థకు డబ్బిచ్చిన ఒక రాజాకు లాభాల్లో కమీషనే కాదు, వ్యాపారంపై అదుపు కూడా ఉంది. అయినా ఉభయుల ఉద్దేశం అప్పేనని తేల్చారు. 1932 భాగస్వామ్య చట్టం 6వ సెక్షన్‌లోనూ ఈ సూత్రమే కనిపిస్తుంది.

డిపాజిట్ మరో చిక్కు. 1908 నాటి కాలపరిమితి చట్టంలో రెండింటికీ గడువు మూడేళ్లే ఉండేది; అయితే అప్పుకు ఇచ్చిన రోజు నుంచి, అడగగానే చెల్లించాల్సిన డిపాజిట్‌కు అడిగిన రోజు నుంచి లెక్క. కాబట్టి నాలుగేళ్లకు దావా వేసిన వాది తానిచ్చింది డిపాజిట్టే అంటాడు. షావుకారేమో అది అప్పేనంటాడు!