గల్వాన్ అంటే ఎవరు?

2020 జూన్ 17న మన శామీర్‌పేటకు దగ్గరనే వున్న హకీంపేట విమాన స్థావరానికి సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబు పార్థివదేహం వచ్చింది. జూన్ 15 రాత్రి లడఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైన్యంతో జరిగిన ఘర్షణలో ఆయనతో కలిపి 20 మంది మన జవాన్లు అమరులైనారు. బళ్ళు మళ్ళీ తెరిచినాక ఒక పిల్లవాడు లేచి, "సార్, గల్వాన్ అంటే ఏంది?" అని అడిగాడు. నది పేరని చెప్పి కూర్చోబెట్టాను. అది ఒక మనిషి పేరనీ, ఆ మనిషి పుస్తకం కూడా రాశాడనీ అప్పటికి నాకు తెలియదు. చరిత్ర చెప్పే పంతులును, సిగ్గుగానే వున్నది.

గులాం రసూల్ గల్వాన్ 1878 ప్రాంతంలో లేహ్‌లో ఒక పేద ముస్లిం ఇంట్లో పుట్టాడు. కాశ్మీరీలో గల్వాన్ అంటే గుర్రాల దొంగ. వంశంలో పూర్వం ఒక పేరుమోసిన దోపిడీదారు వుండటంతో ఆ పేరు ఇంటికి అంటుకున్నది. రసూల్ దాన్ని దాచుకోలేదు, పుస్తకం మీదనే వేయించుకున్నాడు!

చిన్నతనంలోనే దొరల వెంట కూలికి బయలుదేరాడు. యంగ్‌హజ్బెండ్ దగ్గర పనిచేశాడు. 1892లో డన్‌మోర్ ప్రభువు వెంట పామీర్లకు, 1895లో లిటిల్‌డేల్ దంపతుల వెంట టిబెట్టుకు పోయాడు. లాసా దగ్గరిదాకా పోయినాక టిబెట్టువాళ్ళు వాళ్ళను వెనక్కి పంపించారు. యార్కండు పోయే బాటలో కరకోరం కనుమ ఎత్తు 18 వేల అడుగుల పైనే. దారి పొడవునా చచ్చిన గుర్రాల ఎముకలే గుర్తులు. ఒకసారి కొండల్లో చిక్కుపడ్డ దొరలకు రసూల్ దారి కనిపెట్టి చూపాడనీ, అందుకే నదికి అతని పేరు పెట్టారనీ లడఖ్‌లో చెప్పుకుంటారు. మన హైదరాబాదులో సర్వే పని చేసిన జార్జి ఎవరెస్టు దొర పేరు శిఖరానికి పెట్టారు, సరే. కూలివాని పేరు పటానికెక్కడం మాత్రం అరుదు.

డన్‌మోర్ ప్రభువు తన ప్రయాణం గురించి రెండు సంపుటాలు వేశాడు. సామాను మోసినవాళ్ళ సంగతి ఎవరు రాయాలె? రాబర్ట్ బారెట్ అనే అమెరికా దొర, ఆయన భార్య కాథరిన్, రసూల్‌నే రాయమన్నారు. వాళ్ళ దగ్గర చేరినప్పుడు అతనికి వచ్చిన ఇంగ్లీషు డజను మాటలు. తుర్కీ, లడాఖీ, హిందుస్తానీలో మాత్రం దిట్ట. అయినా కూర్చొని ఏండ్ల తరబడి ఇంగ్లీషులోనే రాశాడు. తల్లి, కూలి డబ్బులు, తోటి నౌకర్ల తగాదాలు, దొరల కోపతాపాలు, అన్నీ. కాథరిన్ ఆ కాగితాలను కూర్చింది గాని అతని భాషను దొరల భాషగా మార్చలేదు. నా దృష్టిలో ఆమె చేసిన గొప్ప మేలు అదే. 'సర్వెంట్ ఆఫ్ సాహిబ్స్' 1923లో కేంబ్రిడ్జిలో అచ్చయింది. ఇది పైకి చదవవలసిన పుస్తకమని పేరు కిందనే వున్నది. ముందుమాట యంగ్‌హజ్బెండ్‌ది.

అప్పటికి రసూల్ లేహ్‌లో అక్సకాల్, అనగా బాటసారి వర్తకులకు పెద్ద. పుస్తకం వచ్చిన రెండేండ్లకు, 1925లో, కాలం చేశారు.

ఈ సంగతంతా తరగతిలో చెప్పినప్పుడు ఆ పిల్లవాడే మళ్ళీ లేచాడు. మా ఉర్దూ మీడియం పిల్లలకు ఇంగ్లీషంటే ఎంత జంకో మీకు తెలియనిది కాదు.

"సార్, ఇంగ్లీషు తప్పులున్నా అచ్చేశిన్రా?"

"వేసిన్రు బేటా. కేంబ్రిడ్జిలో."