గోరంత బొమ్మ వెనుక కథ

“మూడు సెంటీమీటర్ల వ్యాసార్ధముతో వృత్తము గీయుడు, దానిలో ఒక సమబాహు త్రిభుజము అమర్చుడు” అని ఉపాధ్యాయుడు చెప్పినప్పుడు ఆ మాటలు బొమ్మ కావు, బొమ్మ గీయుటకు సూచనలు. విద్యార్థి వృత్తలేఖిని చేత బట్టి గీసినప్పుడే బొమ్మ ఏర్పడును. కంప్యూటరులోని వెక్టరు చిత్రము సరిగా ఇట్టిదే. ఫోటోలోవలె చుక్కచుక్కకు రంగు వ్రాసి యుండదు. ఇక్కడనుండి అక్కడికి గీత, ఇది వక్రము, దీనికి ఈ రంగు అను సూచనలు మాత్రమే యుండును. అందుచేతనే దానిని తపాలా బిళ్ళంత చేసినను, గోడంత చేసినను అంచులు చెదరవు. కాని ఫోల్డరు తెరచి చూచినప్పుడు ఏ ఫైలులో ఏ బొమ్మ యున్నదో తెలియవలెనన్నచో, ఆ సూచనలను చదివి గోరంత బొమ్మను ఎవరో ఒకరు గీయవలెను. దీనినే థంబ్‌నెయిల్ అందురు. ఎవరు గీయవలెనన్న ప్రశ్నయే ఈ చరిత్ర అంతటికి మూలము.

జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీ అనువారు 1982లో అమెరికాలో అడోబీ సంస్థను స్థాపించి, 1984లో పోస్ట్‌స్క్రిప్ట్ అను భాషను వెలువరించిరి. పుటను ఎట్లు గీయవలెనో ముద్రణయంత్రమునకు చెప్పు భాష ఇది. మరుసటి సంవత్సరము వచ్చిన ఆపిల్ వారి లేజర్‌రైటర్ ఆ భాషను గ్రహించెడిది. ఇచ్చట ఒక విచిత్రము కలదు. ఆ ముద్రణయంత్రములోని ప్రాసెసరు 12 మెగాహెర్ట్‌జ్ వేగము గలది. దానికి పని చెప్పు మాకింతోషులోనిది సుమారు 8 మాత్రమే! యజమానికంటె సేవకుడే చురుకైనవాడు. కనుక బొమ్మ గీయుట ముద్రణయంత్రమునకు సాధ్యమే గాని, బల్లమీది కంప్యూటరుకు భారము.

దీనికి కనుగొన్న ఉపాయము ఇ.పి.ఎస్. ఫైలు. సూచనలతోపాటు, చుక్కలతో కూర్చిన ఒక చిన్న బొమ్మను కూడ అందులో ఇమిడ్చిరి. మన తెలుగు పుస్తకములనెన్నింటినో కూర్చిన పేజ్‌మేకరు వంటి ప్రోగ్రాములు తెరపై ఆ చిన్న బొమ్మను చూపి, అచ్చుకు మాత్రము సూచనలను పంపెడివి. చిన్న బొమ్మ లేనిచో, ఫైలులో వ్రాసియున్న పొడవు వెడల్పులనుబట్టి ఒక బూడిదరంగు పెట్టెను చూపి ఊరకుండెడివి.

ఆ పెట్టెను చూచి ఫైలు చెడిపోయినదని భయపడినవారెందరో! నిజమునకు చెడినది ఏమియు లేదు. మాకింతోషులో ఆ చిన్న బొమ్మ ఫైలు యొక్క రెండవ భాగములో, రిసోర్సు ఫోర్కు అనుదానిలో, ఉండెడిది. ఇతర కంప్యూటర్లలో ఫైలుకు అట్టి రెండవ భాగమే లేదు. ఫైలు అటు ప్రయాణము చేయగా ఆ భాగము జారిపోయి, సూచనలు మాత్రము మిగిలెడివి. అచ్చు చక్కగానే వచ్చెడిది. దీనికి తారుమారైన రోగము మరియొకటి. తెరపై బొమ్మ బాగుండి కాగితముపై గీతలు మెట్లుమెట్లుగా వచ్చినచో, ఆ ముద్రణయంత్రమునకు పోస్ట్‌స్క్రిప్ట్ రాదనియు, చిన్న బొమ్మనే పెద్దదిచేసి అచ్చువేసినదనియు గ్రహింపవలెను. ఈ రెండింటికి భేదమెరిగినవాడు అచ్చుకూటములో నిశ్చింతగా నిద్రించెడివాడు.

పిమ్మట కంప్యూటర్ల వేగము పెరిగినది. 2001లో ఎస్.వి.జి. అను వెక్టరు పద్ధతి ప్రమాణముగా అంగీకరింపబడునాటికి, చిన్న బొమ్మను ఫైలులో మోయవలసిన పని లేకపోయెను. చూచు కంప్యూటరే గీసుకొనగలదు. అయితే గీయువాడు అచ్చట ఉండవలెను గదా! విండోసు ఫైల్ ఎక్స్‌ప్లోరరు చాలకాలము ఈ ఫైళ్ళకు తనంతట బొమ్మ చూపలేదు. 2020లో మైక్రోసాఫ్టు వారి పవర్‌టాయ్స్‌లో ఆ సౌకర్యము చేరినది. లినక్సులో ఒకసారి గీసిన బొమ్మను 128 లేక 256 చుక్కల కొలతలో దాచి, అసలు ఫైలు మారిన కాలమును దానిపై వ్రాసియుంచుదురు. కాలములు సరిపోలనిచో మరల గీయుదురు. అడోబీ ఇలస్ట్రేటరు ఫైలును పి.డి.ఎఫ్. భాగము లేకుండ దాచినచో, ఇతర ప్రోగ్రాములలో బొమ్మకు బదులు ఆ సంగతి తెలుపు వాక్యమే కనిపించును. ఆ భాగముతో మరల దాచిన సరిపోవును.

ఇంతకంటె గడ్డు సమస్య వేరొకటి. పోస్ట్‌స్క్రిప్ట్ కేవలము గీతల పట్టిక కాదు, సంపూర్ణమైన ప్రోగ్రాము భాష. దాని బొమ్మ చూచుటయనగా అపరిచితుడు వ్రాసిన ప్రోగ్రామును నడుపుటయే. 2017 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్టు తన ఆఫీసు ప్రోగ్రాములలో ఇ.పి.ఎస్. బొమ్మలను చేర్చు సౌకర్యమును ఆపివేసినది. 2018 ఆగస్టులో గూగుల్ పరిశోధకుడు టావిస్ ఆర్మండీ, ఈ భాషను చదువు ఘోస్ట్‌స్క్రిప్ట్ అను ప్రోగ్రాములోని లోపములను బయటపెట్టెను. గోరంత బొమ్మ తనంతట గీయబడు చోట, ఫైలును తెరువకున్నను, అది ఉన్న ఫోల్డరును చూచుటయే ప్రమాదమునకు చాలును.

1985లో ఏ మాకింతోషుతో ఈ భాష ప్రచారములోనికి వచ్చెనో, 2022లో వచ్చిన దాని వెంచురా వ్యవస్థలో ప్రివ్యూ అను ప్రోగ్రాము ఇ.పి.ఎస్. ఫైళ్ళను తెరచుట మానుకొన్నది. పాత పాఠ్యపుస్తకముల పటములు, రేఖాచిత్రములు ఇట్టి ఫైళ్ళలో గలవారు, లోపములు సవరించిన క్రొత్త ఘోస్ట్‌స్క్రిప్ట్‌తో వానిని పి.డి.ఎఫ్.గా మార్చుకొని, అసలు ఫైళ్ళను కూడ ప్రక్కన భద్రపరచుకొనవచ్చును.