రాళ్ళేరిన చేతులు

పాతకాలపు రాళ్ళకుప్ప కనిపించగానే దాని కింద ఏ వీరుడో, నాయకుడో ఉంటాడనుకోవడం చరిత్రకారులకు అలవాటు. ఉత్తర ఇంగ్లండ్, స్కాట్లండ్‌లలో ఎత్తైన బీడు భూముల మీద ఇలాంటి చిన్న కుప్పలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. వీటిని ‘కెయిర్న్’లంటారు. 19వ శతాబ్దంలో సమాధులనుకుని చాలావాటిని తవ్వారు. కొన్నింటిలో అస్థికలు దొరికాయి, ఎన్నింటిలోనో ఏమీ దొరకలేదు. పుల్లనేలలో ఎముకలు కరిగిపోయి ఉంటాయని సర్దిచెప్పుకున్నవాళ్ళూ ఉన్నారు.

20వ శతాబ్దపు పరిశోధకులు ఆ ఖాళీని మరోలా అర్థం చేసుకున్నారు. కొన్నిచోట్ల కుప్పల పక్కనే పొలంగట్ల ఆనవాళ్ళు, గుండ్రటి ఇళ్ళ పునాదులు ఉన్నాయి. కుప్పల కింద పాత మట్టి చెక్కుచెదరకుండా ఉంది. అందులోని పుప్పొడిని బట్టి అడవి పోయి గడ్డి, పైరు ఎలా వచ్చాయో తెలుస్తుంది. అంటే వాటిలో చాలామటుకు కంచుయుగపు రైతులు సేద్యానికి అడ్డొచ్చిన రాళ్ళను ఏరి పోసిన కుప్పలే. తర్వాత నేల సారం పోయింది, తేమా చలీ పెరిగాయి, మనుషులు ఆ ఎత్తులు వదిలేశారు. మళ్ళీ నాగలి తగల్లేదు కాబట్టే కుప్పలు మిగిలాయి.

మరి ఏరిందెవరు? రాయి చెప్పదు. కానీ 2017లో అలిసన్ మాకింతోష్, ఆమె సహచరులు మధ్య యూరప్‌లోని తొలి వ్యవసాయదారులైన స్త్రీల ఎముకలను పరిశీలించారు. కొత్తరాతియుగపు ఆ స్త్రీల జబ్బ ఎముకలు ఇప్పటి కేంబ్రిడ్జ్ పడవపందేల క్రీడాకారిణుల ఎముకల కంటే 11 నుంచి 16 శాతం బలంగా ఉన్నాయి. నేల తవ్వి, కోతకోసి, గంటల తరబడి ధాన్యం నూరిన చేతులవి. అంతకుముందు స్త్రీల ఎముకలను పురుషుల ఎముకలతోనే పోల్చడం వల్ల వాళ్ళ శ్రమ తక్కువగా లెక్కకొచ్చింది. ఆ ఎముకలు ఈ బీళ్ళవి కావు, నిజమే. అయినా రాళ్ళెత్తింది మగవాళ్ళేనని ముందే అనుకోవడానికి ఇక ఆధారమేముంది?

మా వైపు చెలకల్లో తొలకరికి ముందు రాళ్ళేరడానికి ఆడకూలీలనే పిలుస్తారు. నడుం వంచి ఏరి, గంపకెత్తి గెట్టు మీద పోస్తారు. పట్టా మటుకు చాలా ఇళ్ళలో మగవాడి పేరునే. రేపెవరైనా ఆ గెట్టును తవ్వితే వాళ్ళ పేర్లు దొరకవు.

నాగలి పట్టిన మగవాడి బొమ్మ గీసి ‘తొలి రైతు’ అని రాసే పాఠ్యపుస్తకాలను నేను అడిగేదొక్కటే. ఆ నాగలి సాగేలా నేల చదును చేసినవాళ్ళను ఏమని పిలుస్తారు?